బాప్తిస్మం, ఆదివారం ఆరాధన, దశమభాగం (ఆదాయంలో పదోవంతు కానుక) ఉంటే దేవుని దృష్టిలో నీతిమంతుడైనట్టేనా?

కాదు. ఇవి విశ్వాసి చేసే పనులు, నీతిమంతుడిగా ఎంచబడటానికి కట్టే వెల కాదు. బైబిల్లో రోమా పత్రిక 4:3 ప్రకారం అబ్రాహాము దేవుణ్ణి నమ్మాడు, అదే అతనికి నీతిగా ఎంచబడింది. అప్పటికి మోషే ధర్మశాస్త్రం లేదు, సున్నతి కూడా కాలేదు. ముందు నమ్మకం, తర్వాత పనులు అనే ఈ వరుస తిరగబడితేనే చిక్కు: బాగా నడిచిన వారం గర్వం, తప్పిన వారం ప్రార్థనకు మొహం చెల్లదు.

రెండో పొరపాటు దీనికి ఎదురుది: "కృప ఉందిగా" అని కదలకపోవడం. రోమా 6:1-2 దాన్ని నేరుగా కొట్టేస్తుంది.

ఎదుగుదల కనబడేది లెక్కల దగ్గర. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిపిక్కలు కొనే విశ్వాసి 80 కిలోల బస్తాకి తరుగు పేరుతో రెండు కిలోలు ఎక్కువ లాగుతున్నాడనుకోండి. మందిరంలో కన్నీళ్లు పెట్టుకుంటే చాలదు. కాటా సరిచేయాలి, ఏ రైతు దగ్గర ఎంత లాగాడో రాసుకుని డబ్బు తిరిగివ్వాలి. యేసు కాలంలో పన్ను వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు (లూకా 19:8). అయితే అది రక్షణ కొనుక్కోవడానికి కాదు. యేసే ముందుగా అతని ఇంటికి వస్తానన్నాడు.

చదవాలంటే రోమా 3 నుంచి 8 వరకు వరుసగా, రోజుకు సగం అధ్యాయం చాలు. మధ్యలో 12వ అధ్యాయానికి దూకకండి, పునాది లేకుండా ఆజ్ఞలే మిగులుతాయి. తర్వాత 2 పేతురు 1:5-7లో విశ్వాసానికి జతచేయమన్న ఏడు గుణాల్లో ఒకటి తీసుకోండి. ఆశానిగ్రహం, అంటే కోరికల్ని అదుపులో పెట్టుకోవడం, మంచి మొదలు. అది నిలబడిందో లేదో మీ ఇంట్లోవాళ్లనే అడగండి.