కోతుల అరుపులకు నిజంగా అర్థం ఉంటుందా, లేక అవి భయంతో పెట్టే కేకలేనా?

అర్థం ఉంటుంది. కెన్యాలోని అంబోసెలిలో ఉండే వెర్వెట్ కోతులు ఇందుకు మంచి ఉదాహరణ. చిరుతకు ఒక అరుపు, గద్దకు ఒకటి, పాముకు మరొకటి. మొదటిది వింటే చెట్టెక్కుతాయి. రెండోదానికి పైకి చూస్తాయి, పొదల్లోకి దూరతాయి. మూడోదానికి వెనక కాళ్ల మీద నిలబడి గడ్డిలో వెతుకుతాయి.

చిరుతను చూసి పారిపోతున్నాయేమో, అరుపుతో పనేముంది అన్న అనుమానం సహజం. సేఫార్త్, చెనీ, మార్లర్ అనే పరిశోధకులు దాన్ని తీర్చిన తీరు చాలా అందమైనది. రికార్డు చేసిన అరుపులను, చుట్టుపక్కల ఏ జంతువూ లేనప్పుడు, దాచిపెట్టిన స్పీకర్లలో వినిపించారు. అయినా కోతులు అరుపుకు తగ్గట్టే స్పందించాయి. ఈ ఫలితాలు 1980లో వెలువడ్డాయి.

పిల్లకోతులు తప్పులు చేస్తాయి: హాని చేయని పక్షికీ, రాలుతున్న ఆకుకూ గద్ద అరుపే అరుస్తాయి. పెరిగేకొద్దీ సరిచేసుకుంటాయి. ఒకే కోతి అరుపును కారణం లేకుండా పదేపదే వినిపిస్తే మిగతావి దాన్ని పట్టించుకోవడం మానేస్తాయి.

అలాగని దీన్ని మనిషి భాషతో సమానం చేయకూడదు. గుర్తులను చదివి అర్థం చేసుకునే శక్తి వాటికి పరిమితమే. కొండచిలువ పాకిన జాడ కళ్లముందే ఉన్నా, వెర్వెట్‌లు దాన్ని ప్రమాదంగా గుర్తించవు.