ఫొటోలు కాదు, మధ్యాహ్నం రెండింటికి ఒక వీడియో కాల్ అడగండి

అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలతో కలిపి ఎనిమిది మంది, వేసవి సెలవుల్లో ఐదు రోజులు, ఫొటోల్లో అన్ని కాటేజీలూ బాగానే కనిపిస్తున్నాయి, ఏది తీసుకోవాలో తేలడం లేదు అని రాశారు. మేమూ ఇలాగే ఎనిమిది మందిమి. రెండేళ్ల కిందట ఒక కాటేజీ తీసుకుని చాలా ఇబ్బంది పడ్డాం, నిరుడు ఇంకొకటి తీసుకుని హాయిగా ఉండి వచ్చాం. రెండిటికీ తేడా అద్దెలో లేదు, మేం ముందుగా అడిగిన ప్రశ్నల్లోనే ఉంది.

మొదటిదాని ఫొటోలు ఎంత బాగున్నాయంటే, వరండా, వెనక కొండ, నాలుగు బెడ్‌రూములు చూసి అదే రోజు డబ్బు కట్టేశాం. బెడ్‌రూములు ఏ అంతస్తులో ఉన్నాయని ఎవరమూ అడగలేదు. వెళ్లి చూస్తే కింద హాలు, వంటగది మాత్రమే. పడక గదులూ బాత్రూములూ అన్నీ పైనే. పైకి వెళ్లడానికి బయటినుంచి ఇనప మెట్లు, ఒకపక్క పట్టుకోవడానికి ఏమీ లేదు. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. కింద హాల్లో సోఫా మీదే పడుకుంటానంది. మూడో రోజు రాత్రి ఆమె పక్కన పెట్టిన నీళ్ల సీసా చూశాను. సాయంత్రం నింపింది నింపినట్టే ఉంది. రాత్రిపూట మెట్లెక్కి బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని, చీకటి పడ్డాక నీళ్లు తాగడమే మానేసింది. అంత ఎండల్లో! అడిగితే, "ఇంకో రెండు రోజులేగా" అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

అందుకే నా మొదటి సలహా: కాటేజీలు వెతకడానికి ముందు, వచ్చేవాళ్లలో ఎవరికి ఇబ్బంది ఎక్కువో వాళ్ల పేరు కాగితం మీద రాసుకోండి. వాళ్లకి కింది అంతస్తులో మంచం, దాన్ని ఆనుకుని బాత్రూమ్ ఉన్న ఇల్లే చూడండి. మిగతా సౌకర్యాలన్నీ దాని తర్వాతే.

రెండోది వేడి. మా గదుల పైకప్పు రేకులు. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఫ్యాన్ వేడిగాలే కొట్టేది. కొండమీద ఇల్లు కదా, చల్లగా ఉంటుందనుకున్నాం. ఎత్తు పెరిగే కొద్దీ చల్లబడే మాట నిజమే కానీ, సగటున ప్రతి 1000 మీటర్లకు తగ్గేది 6.5 డిగ్రీలే. 300 మీటర్ల గుట్ట మీద కట్టిన ఇంట్లో రెండు డిగ్రీల తేడా వస్తుందంతే. అందుకని "హిల్ వ్యూ" అని రాసి ఉంటే ఎత్తు ఎంతో అడగండి. స్లాబ్ ఇల్లయినా పడమటి గోడవైపు గది వద్దు. సాయంత్రమంతా ఎండ తగిలిన గోడ, మీరు పడుకునే వేళకి ఆ వేడిని గదిలోకి వదులుతుంది.

నీళ్ల ట్యాంకు ఎన్ని లీటర్లదో కచ్చితంగా అడగండి. ఎనిమిది మంది స్నానాలు, బాత్రూములు, వంట, గిన్నెలు కలిపితే రోజుకు 1000 లీటర్లు ఇట్టే అయిపోతాయి. మాకు రెండో రోజు ఉదయం తొమ్మిదికల్లా కుళాయి ఆగిపోయింది, ఓనర్ ఫోన్ ఎత్తలేదు. ఎండాకాలంలో ట్యాంకు మళ్లీ నింపేది ఎవరు, ఎంతసేపట్లో అన్నది మెసేజ్‌లో రాయించుకుంటే మంచిది.

గ్యాస్ గీజర్ ఉందంటే మాత్రం అది బాత్రూమ్ లోపల ఉందా, బయట ఉందా అని తప్పకుండా కనుక్కోండి. మూసిన గదిలో అది మండితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. ఆ వాయువుకి రంగు, వాసన ఉండవు, మనిషికి తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. లోపలే ఉంటే ఆ ఇల్లు వదిలేయండి, ఎంత నచ్చినా సరే.

ఇవన్నీ తెలుసుకోవడానికి నిరుడు మేం చేసింది ఒకటే. నచ్చిన మూడు ఇళ్ల వాళ్లనీ మధ్యాహ్నం రెండింటికి వీడియో కాల్ చేయమన్నాం. గేటు దగ్గర మొదలుపెట్టి, ఫోన్ కిందికి దించకుండా మంచం దాకా నడవమన్నాం. వైడ్ యాంగిల్ లెన్స్‌తో తీసిన ఫొటోలో చిన్న గది కూడా హాలులా కనిపిస్తుంది. మనిషి నడుస్తూ చూపిస్తే మెట్లెన్నో, మంచానికీ గోడకీ మధ్య జాగా ఎంతో తెలిసిపోతుంది. కాల్ మాటిమాటికీ తెగిపోతుంటే అక్కడ సిగ్నల్ సంగతి కూడా తేలినట్టే. ఒకాయన కుదరదన్నారు, ఆ ఇల్లు పక్కన పెట్టేశాం. ఇంకొకావిడ ఓపిగ్గా కుళాయిలు కూడా తిప్పి చూపించి, మేం అడక్కుండానే, "వెనక గది సాయంత్రం బాగా వేడెక్కుతుందండీ, పెద్దవాళ్లని ముందు గదిలో ఉంచండి" అన్నారు. ఆ మాటతోనే అదే ఖాయం చేశాం. అక్కడ అమ్మ మంచం నుంచి బాత్రూమ్ నాలుగడుగులు. రోజూ రాత్రి సీసా నేనే రెండోసారి నింపేవాణ్ణి.

రివ్యూల విషయానికొస్తే వేసవి నెలల్లో రాసినవే చదవండి. చలికాలంలో వెళ్లినవాళ్లకి వేడి గురించి, నీళ్ల గురించి ఏం తెలుస్తుంది? ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకే ఫిర్యాదు రాశారంటే అది నిజమేననుకోండి. అద్దె మొత్తం ముందే పంపమని, అదీ బుకింగ్ సైట్‌లో కాకుండా సొంత అకౌంట్‌కి పంపమని తొందరపెడితే పంపకండి. ఫొటోల్ని గూగుల్ లెన్స్‌లో వెతికితే అవే ఫొటోలు వేరే ఊరి ఇంటి పేరుతో కనిపించవచ్చు, అలా దొరికితే అది మోసమే. డిపాజిట్ కట్టించుకుంటే, సామాన్లు దించకముందే ఇల్లంతా ఒక వీడియో తీసి పెట్టుకోండి.

మీ పిల్లల వయసు రాయలేదు. ఐదేళ్ల లోపువాళ్లయితే స్విమ్మింగ్ పూల్ ఉన్న కాటేజీ చూడకండి, చుట్టూ కంచె, గడియ పడే గేటు ఉంటే తప్ప. మేడ మీద పిట్టగోడ ఎంత ఎత్తుందో ఆ వీడియో కాల్‌లోనే చూపించమనండి. వయసెంతో చెబితే మేం పిల్లల కోసం చూసుకున్నవి ఇంకొన్ని రాస్తాను.