పుస్తకంలో 16 అధ్యాయాలు, పరీక్షకు 5 యూనిట్లు: దేన్ని పట్టుకోవాలి?

ప్రశ్న: మేము అమెరికాలో ఉంటున్నాం. మా అమ్మాయి పదో తరగతిలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) సైకాలజీ తీసుకుంది. స్కూల్లో ఓపెన్‌స్టాక్స్ సంస్థ వారి సైకాలజీ పుస్తకం రెండవ కూర్పు చదవమన్నారు. దాని వరుస ఈ పరీక్ష నిర్వహించే కాలేజ్ బోర్డు సిలబస్‌తో కలవడం లేదు. నేను మరో మూడు గైడ్లు తెప్పించాను. దేన్ని అనుసరించాలి? అత్యధికమైన 5 స్కోరు రాకపోతే సైకాలజీలో మంచి కాలేజీ చేజారిపోతుందా?

సమాధానం: పుస్తకం మార్చవలసిన అవసరం లేదండి. ఈ ప్రశ్న ఏటా ఏదో ఒక రూపంలో నాకు వస్తూనే ఉంటుంది. అడిగేవారు పుస్తకం గురించి అడుగుతారు గానీ, అసలు భయం మీ చివరి వాక్యంలో ఉంది. ముందు పుస్తకం సంగతి చూద్దాం.

అది కాలేజీలో తొలిసారి సైకాలజీ చదివేవారి కోసం రాసిన పుస్తకం, 2020లో వచ్చింది. కాలేజ్ బోర్డు తన 9 యూనిట్లను 5కు కుదించి కొత్త సిలబస్‌ను అమలు చేసింది 2024-25 విద్యా సంవత్సరం నుంచి. వరుస కలవకపోవడం సహజమే. కావలసిన విషయం చాలావరకు అందులోనే ఉంది, కాకపోతే చెదురుగా ఉంది. ఉదాహరణకు 5వ అధ్యాయం సంవేదననూ (ఇంద్రియాలు గ్రహించడం) ప్రత్యక్షాన్నీ (గ్రహించినదాన్ని మెదడు అర్థం చేసుకోవడం) కలిపి చెబుతుంది. సిలబస్ మాత్రం సంవేదనను మెదడు, నాడీ వ్యవస్థలతో పాటు మొదటి యూనిట్‌లోను, ప్రత్యక్షాన్ని జ్ఞాపకశక్తి, ప్రజ్ఞలతో పాటు రెండో యూనిట్‌లోను పెట్టింది. 4వ అధ్యాయంలోని నిద్ర, మత్తు పదార్థాలు కూడా మొదటి యూనిట్‌కే వెళ్తాయి. అభ్యసనం, వికాసం కలిసి మూడో యూనిట్ కాగా, 10 నుంచి 12 వరకు అధ్యాయాలు నాలుగో యూనిట్‌కు, 14 నుంచి 16 వరకు ఐదో యూనిట్‌కు సరిపోతాయి. ఉద్యోగ, సంస్థాగత మనోవిజ్ఞానం గురించిన 13వ అధ్యాయాన్ని పరీక్ష మట్టుకు వదిలేయవచ్చు. కాలేజ్ బోర్డు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే కోర్సు వివరణ పత్రాన్ని పక్కన పెట్టుకుని, విషయసూచికలో ప్రతి శీర్షిక ఎదుటా యూనిట్ సంఖ్యను పెన్సిల్‌తో రాసుకోమనండి. ఆ పని మీరు చేసిపెట్టకండి. ఏది ఎక్కడ ఉందో వెతుక్కునేటప్పుడే సగం చదువు అయిపోతుంది.

అసలు జాగ్రత్త 2వ అధ్యాయం, అంటే పరిశోధన పద్ధతుల దగ్గర కావాలి. పరీక్షలో 75 బహుళైచ్ఛిక ప్రశ్నలు పోగా, మిగిలిన మూడో వంతు మార్కులు 70 నిమిషాల్లో రాయవలసిన రెండు సమాధానాలవి. ఒకదానిలో ఒక పరిశోధన సారాంశాన్ని ఇచ్చి, ఏ పద్ధతి వాడారు, చరాన్ని (పరిశీలిస్తున్న అంశాన్ని) ఎలా కొలిచారు, ఏ నైతిక నియమం పాటించారు, ఈ ఫలితం ఎవరికి వర్తిస్తుంది అని అడుగుతారు. రెండోదానిలో మూడు పరిశోధనలను చదివి, ఒక వాదాన్ని నిలబెట్టి, దానికి వాటి నుంచే ఆధారాలు చూపాలి. నిర్వచనాలు కంఠతా పట్టిన పిల్లలు తడబడేది ఇక్కడే.

అందుకే ఈ సబ్జెక్టు తేలిక, నెల రోజులు సొంతంగా చదివితే 5 వచ్చేస్తుంది అన్న ప్రచారం మీద నాకు నమ్మకం లేదు. పదాలు పరిచయమైనవి కావడం వల్ల అర్థమైపోయినట్టు అనిపిస్తుంది. ఋణాత్మక పునర్బలనం (ఇబ్బంది తొలగినందువల్ల ఒక ప్రవర్తన బలపడటం) అనగానే ఎక్కువ మంది దాన్ని శిక్ష అనుకుంటారు. మీరు పదేపదే గుర్తు చేయడం ఆగాలని మీ అమ్మాయి పుస్తకం తెరిచి, మీరు ఆపేసినందువల్ల మర్నాడు మాట రాకముందే తెరవడం మొదలుపెడితే, అదే ఋణాత్మక పునర్బలనం. అలా తెరిచిన పుస్తకం మీరు గది దాటగానే మూతపడుతుంది.

కటువుగా ఉన్నా ఒక మాట చెప్పక తప్పదు. మీ ప్రశ్నలో మీ అమ్మాయి మాట ఒక్కటి కూడా లేదు. ఆమెకు ఏ అధ్యాయం నచ్చిందో, ఎక్కడ ఆగిపోయిందో మీరు అడిగినట్టు కనిపించదు గానీ, మూడు గైడ్లు మాత్రం ఇంటికి వచ్చేశాయి. పదిహేనేళ్ల పిల్లకు అవి సాయంలా కనిపించవు, తన మీద అపనమ్మకంలా కనిపిస్తాయి.

ఈ ఒక్క స్కోరు వల్ల ఏ కాలేజీ తలుపూ మూసుకుపోదు. చాలా కాలేజీలు 3 లేదా 4కు కూడా క్రెడిట్ ఇస్తాయి, అంటే పరిచయ కోర్సు పూర్తి చేసినట్టు లెక్కిస్తాయి. ఇవ్వని చోట జరిగే నష్టమల్లా పరిచయ కోర్సును అక్కడ మళ్లీ చదవడమే, ఇష్టమున్న పిల్లకు అది నష్టమూ కాదు. సైకాలజిస్టుగా లైసెన్సు కావాలంటే ఆ దేశంలో సాధారణంగా డాక్టరేటు వరకు చదవాలి. అంత దూరం నడవవలసిన పిల్లకు పదో తరగతి స్కోరు కన్నా, ఈ శాస్త్రం మీద ఆసక్తి చెడకుండా ఉండటం ముఖ్యం.

గైడ్లలో కొత్త సిలబస్ ప్రకారం వచ్చినది ఒకటి ఉంచండి. మే నెల పరీక్షకు ముందు, మార్చిలో నమూనా ప్రశ్నల కోసం ఆమే దాన్ని తెరుస్తుంది. అప్పటి వరకు అది ఆమె గదిలోనే ఉండనివ్వండి.