పరిచిన టైల్స్ డొల్లగా మోగుతున్నాయి, బాకీ ఇస్తేనే వస్తానంటున్నాడు మేస్త్రీ

ప్రశ్న: మాది గుంటూరు. అమ్మాయి పెళ్ళికి ముందు ఇల్లు బాగుచేయించుకుందామని హాలు, రెండు పడకగదులు, ఒక బాత్రూముకు టైల్స్ వేయించాము. నాలుగడుగులకు రెండడుగుల విట్రిఫైడ్ టైల్స్ మేమే కొన్నాము. కొన్న దుకాణం వాళ్ళే ఒక మేస్త్రీని చూపించారు. చదరపు అడుగుకు 45 రూపాయల కూలికి ఒప్పుకున్నాడు. మొత్తం 1,150 అడుగులకు 51,750 రూపాయలు అయితే, ఫోన్‌పేలో మూడు విడతలుగా 40,000 ఇచ్చాము. కాగితం ఏమీ రాసుకోలేదు. నాలుగు నెలలు తిరగకముందే హాలులో పదిహేను టైల్స్ దాకా డొల్లగా మోగుతున్నాయి, రెండు పగిలాయి. బాత్రూములో నీళ్ళు జాలీ వైపు పోకుండా గుమ్మం దగ్గర నిలుస్తున్నాయి. అడిగితే, ‘మిగతా డబ్బు ఇస్తేనే వస్తాను, అయినా మీ టైల్సే నాసిరకం’ అంటున్నాడు. పని మొదట్లో టైల్స్ అతికించే గమ్ము బస్తాలు తెప్పించమని అతను అన్న మాట నిజమే. ఖర్చెందుకని మావారు సిమెంటుతోనే కానివ్వమన్నారు. మా మరిది చీటింగ్ కేసు పెట్టమంటున్నాడు. మాకు ఏదైనా దారి ఉందా? – ఒక పాఠకురాలు

జవాబు: ఉందమ్మా. అయితే మీరు ఒకటే అనుకుంటున్న తగాదాలో నిజానికి రెండున్నాయి. బాత్రూముది ఒకటి, హాలుది ఒకటి. మొదటిది గట్టిది. రెండోదానిలో మీవారి మాట ఒకటి అడ్డుపడుతోంది. రెంటినీ ఒకే మూట కట్టి తీసుకెళితే గట్టిది కూడా నీరుగారిపోతుంది.

ముందు మీ మరిది గారి సలహా సంగతి తేల్చేద్దాం. మోసం నేరం కావాలంటే బేరం కుదుర్చుకున్న రోజునే మోసగించే ఉద్దేశం ఉండాలి. పాత 420 చెప్పిందీ అదే, 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ చెబుతున్నదీ అదే. అడ్వాన్సు పుచ్చుకుని ఒక్క టైలు కూడా పరచకుండా మాయమైనవాడి మీద ఆ ఆరోపణకు కొంత బలం ఉంటుంది. మీ మేస్త్రీ వచ్చాడు, 1,150 అడుగులూ పరిచాడు, పని చెడగొట్టాడు. ఇది ఒప్పందాన్ని సరిగా నెరవేర్చకపోవడం కిందికే వస్తుంది. స్టేషనులో సివిల్ తగాదా అని తిప్పి పంపితే పోలీసులను తిట్టుకోకండి, ఈ ఒక్క విషయంలో వాళ్ళ మాట సరైనదే. బాకీ కోసం మనుషులను వెంటబెట్టుకొచ్చి బెదిరిస్తే మాత్రం అది వేరే నేరం, అప్పుడు తప్పకుండా వెళ్ళండి.

కాగితం లేదన్న దిగులు కూడా వద్దు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటిమాట ఒప్పందమూ చెల్లుతుంది, దాన్ని రుజువు చేసుకోవడమే మన పని. ఫోన్‌పేలో మూడు చెల్లింపులు తేదీలతో సహా ఉన్నాయి. ‘రేపు ఇద్దరు హెల్పర్లతో వస్తాను’ లాంటి వాట్సాప్ మెసేజీ ఒక్కటి ఉన్నా పనికొస్తుంది. ఆఖరి రోజున గదుల కొలతలు వేసి, అడుగులు లెక్కకట్టి మేస్త్రీలు ఒక చీటీ ఇస్తారు. టైల్స్ పెట్టె అట్టముక్క మీద రాసిచ్చి ఉన్నా సరే, వెతికి భద్రంగా పెట్టండి. ‘అ 45’ (అడుగుకు 45) అని, కింద మొత్తం, అందులోంచి తీసేసిన 40,000 అతని చేతిరాతలోనే ఉంటే మీకు అంతకంటే మంచి ఒప్పందపత్రం అక్కర్లేదు. ఫోనులోని వాటిని ప్రింటు తీసి దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద, అవి ఆ ఫోనులోవేనని ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాలి. అన్నిటికంటే ముందు, ఫోను మార్చేటప్పుడు ఆ మెసేజీలు పోకుండా చూసుకోండి.

ఇక అసలు ప్రశ్న. వినియోగదారుల కమిషన్‌కు ఒక మేస్త్రీ మీద వెళ్ళవచ్చా? మీకు జవాబు ఆ 45 రూపాయల్లోనే ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం డబ్బు తీసుకుని చేసే ఏ సేవకైనా వర్తిస్తుంది కాని, యజమాని, పనివాడు అన్న సంబంధంలో చేసే పనిని పక్కన పెట్టింది. ఈ తేడాను సుప్రీంకోర్టు 1995లో వైద్యుల కేసులో వివరించింది. యజమాని చెప్పినట్టు, చెప్పిన పద్ధతిలో చేసేవాడు పనివాడు. తన నేర్పుతో, తన పద్ధతిలో పని చేసి పెట్టేవాడు సేవ అందించేవాడు. ఇంటి పని విషయంలో 2008లో ఫకీర్ చంద్ గులాటీ తీర్పు మరింత సూటిగా చెప్పింది: సొంత స్థలంలో ఇల్లు కట్టమని కాంట్రాక్టరుకు అప్పగించినవాడు ఆ పనిలో లోపం ఉంటే వినియోగదారుడిగా ఫిర్యాదు చేయవచ్చు.

మీ మేస్త్రీ అడుగు లెక్కన ఒప్పుకున్నాడు. కటింగ్ మెషీను, రసమట్టం, రబ్బరు సుత్తి అతనివే అయి ఉంటాయి. హెల్పర్లకు కూలి అతనే ఇచ్చుకుని ఉంటాడు. ఇది సేవే. అదే రోజుకూలి మాట్లాడుకుని, మీవారు కుర్చీ వేసుకుని కూర్చుని ‘ఈ మూల నుంచి మొదలుపెట్టు, ఆ టైలు తిప్పు’ అని చెబుతూ చేయించుకుని ఉంటే, ‘నేను కూలివాడిని, చెప్పినట్టు చేశాను’ అనే వాదన అతనికి దొరికేది. రోజుకూలి చవక అని అటు మొగ్గేవాళ్ళు ఈ సంగతి ఆలోచించరు.

ఇప్పుడు బాత్రూముకు రండి. నీళ్ళు జాలీ వైపు పోవాలంటే వాటం పెట్టి పరచాలి. అది పూర్తిగా మేస్త్రీ చేతిపని. టైలు ఏ కంపెనీదైనా, ఏ ధరదైనా, కింద వేసింది గమ్మైనా సిమెంటైనా వాటం మారదు. కాబట్టి ‘మీ టైల్సే నాసిరకం’ అన్న మాట ఇక్కడ పనికిరాదు. గోడ వారగా ఒక బకెట్ నీళ్ళు పోసి, అవి ఎటు నడుస్తాయో, పావుగంట తరువాత గుమ్మం దగ్గర ఎంత నిలిచాయో ఆపకుండా ఒకే వీడియో తీయండి. గుమ్మం దాటి పడకగదిలోకి చెమ్మ వస్తుంటే ఆ గోడ కూడా తీయండి.

హాలు సంగతి అంత తేలిక కాదు. విట్రిఫైడ్ టైలు దాదాపు నీటిని పీల్చుకోదు, అర శాతం కూడా ఉండదు. పాతకాలపు టైలును పట్టుకున్నట్టు సిమెంటు పాలు దీన్ని పట్టుకోవు. అందుకే గమ్ము వాడమంటారు. టైల్స్ అతికించే గమ్ముకు ఐఎస్ 15477 అని భారతీయ ప్రమాణం కూడా ఉంది. మీ మేస్త్రీకి ఆ సంగతి తెలుసు, అడిగాడు, మీరు వద్దన్నారు. అతని లాయరు మొదట పట్టుకునేది ఈ మాటనే.

అయినా అంతటితో అతను బయటపడడు. నేర్పు ఉన్నవాడిగా డబ్బు తీసుకున్నాక, ‘సిమెంటుతో వేస్తే లేచిపోతాయి, పూచీ నాది కాదు’ అని స్పష్టంగా హెచ్చరించి ఉండాల్సింది. బస్తాలు తెప్పించమని ఒకసారి అని, వద్దంటే మారు మాట్లాడకుండా పరిచేశాడంటే పూర్తి నింద మీ మీదికి నెట్టలేడు. పైగా సిమెంటుతోనే వేసినా, టైలు వెనుక దుమ్ము తుడిచి, కింద ఖాళీ లేకుండా మాలు నింపితే ఇన్ని చోట్ల డొల్ల రాదు. పగిలిన రెంటినీ ఎత్తి చూస్తే కింద మాలు నిండా ఉందో, మధ్యలో ముద్దలు పెట్టి వదిలేశాడో తెలుస్తుంది. కాని ఇప్పుడే ఎత్తకండి, దాని సంగతి కింద చెబుతాను. నా అంచనాలో హాలుకు మీకు పూర్తి నష్టపరిహారం రాదు, కొంత తగ్గించి ఇస్తారు. అక్కడ రాజీకి సిద్ధంగా ఉండండి, బాత్రూము విషయంలో మాత్రం తగ్గకండి.

టైల్స్ నాసిరకమన్న మాటకు ఒకటే ప్రశ్న వేయండి: నాసిరకమని తెలిసి 1,150 అడుగులూ ఎందుకు పరిచావు? టైలులో లోపం ఉందని ఎవరైనా ఇంజనీరు నిజంగానే చెబితే దుకాణాన్ని, కంపెనీని కూడా ఫిర్యాదులో చేర్చాలి. అందుకు బిల్లు, బ్యాచ్ నంబరు ఉన్న ఖాళీ పెట్టె, మిగిలిన టైల్స్ ఉండాలి. దుకాణం వాళ్ళు మేస్త్రీని చూపించినంత మాత్రాన అతని పనికి బాధ్యులు కారు. పరిచే కూలి కూడా వాళ్ళ బిల్లులోనే ఉంటే మాత్రం అవుతారు, మీ విషయంలో అలా లేదు.

బాకీ 11,750 రూపాయలు ఇప్పుడు ఇవ్వకండి. ‘ఇవ్వను పో’ అని కూడా అనకండి. ‘బాత్రూము వాటం, హాలులో లేచిన టైల్స్ సరిచేసిన రోజునే మిగతాది ఇస్తాము’ అని ఒక మెసేజీ పెట్టండి. ఎగ్గొట్టే ఉద్దేశం మీకు లేదని రేపు చూపించేది అదే. బాకీ కోసం దావా వేయడానికి అతనికి పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్ళ గడువు ఉంది. వేసినా అందులోనే మీ నష్టాన్ని అడగవచ్చు.

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. విసిగిపోయి వేరే మేస్త్రీని పిలిచి అంతా పగలగొట్టించేసి, ఆ తరువాత లాయరు దగ్గరికి వస్తారు. అప్పటికి చూపించడానికి ఏమీ మిగలదు. మీరు ముందు రూపాయి బిళ్ళతో ప్రతి టైలునూ తట్టి, డొల్లగా మోగిన వాటి మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి, శబ్దం వినిపించేలా వీడియో తీయండి. సివిల్ ఇంజనీరు చేత రసమట్టం పెట్టి చూపించి, రెండు పేజీల నివేదిక, బాగుచేయడానికయ్యే ఖర్చు రాయించుకోండి. పగిలిన టైల్స్‌ను ఎత్తడం కూడా ఆయన ఎదుటే చేయించండి. అవసరమైతే అడ్వొకేట్ కమిషనర్‌ను పంపి చూడమని కమిషన్‌నూ కోరవచ్చు.

తరువాత నోటీసు. లోపాలు రాసి, పదిహేను రోజుల్లో వచ్చి సరిచేయమని అడిగి స్పీడ్ పోస్టులో పంపండి. ఇది తప్పనిసరి కాదు, కాని అతనికి ఒక అవకాశం ఇచ్చారని కనిపించాలి. మీ దగ్గర అతని ఫోను నంబరే ఉంటుంది, నోటీసుకు ఇంటి చిరునామా కావాలి. చూపించిన దుకాణం వాళ్ళనే అడగండి, ఆ మాత్రం సాయం చేస్తారు.

పదిహేను రోజులు దాటితే మొదట జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళమంటాను. స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం ఉంది. కేసు వేయకముందే ఇద్దరినీ కూర్చోబెట్టి లోక్ అదాలత్‌లో రాజీ కుదిర్చితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ‘బాత్రూము అతని కూలితో మళ్ళీ వేయాలి, సామాను మనది, హాలుకు గమ్ము మనం తెప్పించాలి, పూర్తయ్యాక 11,750’ అనే షరతులతో కుదిరితే ఒప్పేసుకోండి. నెలనెలా వాయిదాలకు తిరగడం కన్నా అది మేలు.

అతను రాజీకి రాకపోతే గుంటూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. మీరు ఉండే ఊళ్ళో వేసుకునే హక్కు ఈ చట్టం ఇచ్చింది. గడువు రెండేళ్ళు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, మీరిచ్చింది 40,000. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. బాత్రూము తిరిగి వేయించే ఖర్చు, హాలులో లేచిన టైల్స్ ఖర్చు, కేసు ఖర్చులు, మనోవేదనకు ఒక మోస్తరు మొత్తం అడగండి. అయిదు లక్షలు అడిగితే గౌరవం పెరగదు. ఉత్తర్వును పాటించనివారికి జైలు, జరిమానా రెండూ ఉన్నాయి కాని, రోజు పనితో బతికే మనిషి దగ్గర అంత మొత్తం ఎక్కడి నుంచి వస్తుందో మీరూ ఆలోచించండి.

చివరగా, ప్రమాణపత్రంలో గమ్ము బస్తాల సంగతి దాచకండి. మీరు చెప్పకపోతే అతను చెబుతాడు, అప్పుడు బాత్రూము గురించి మీరు చెప్పే నిజం కూడా అనుమానంలో పడుతుంది. మీవారు గమ్ము వద్దన్నది హాలుకేనా, అన్ని గదులకా? మేస్త్రీ ఏమని హెచ్చరించాడు? అది ఆయనకే తెలియాలి. నోటీసు రాయించడానికి వెళ్ళేటప్పుడు ఆయనను కూడా వెంటబెట్టుకుని వెళ్ళండి.