మీరడిగారు: డ్రాయింగ్ ట్యాబ్లెట్ కొనేముందు

ఈ నెల బొమ్మలు వేసుకునే ట్యాబ్లెట్ల మీద ప్రశ్నలు బాగా వచ్చాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి, విజయవాడ, గుంటూరు వైపు నుంచి వచ్చిన కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాను.

ప్రశ్న: నమస్తే అండీ. మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. చిన్నప్పట్నుంచీ బొమ్మలు బాగా వేస్తుంది, ఇప్పుడు కంప్యూటర్లో వేస్తానంటోంది. స్క్రీన్ ఉన్న ట్యాబ్లెటే కావాలని ఒకటే పట్టు, అది చూస్తే ఇరవై వేల పైమాటే. వాళ్ళ నాన్నగారేమో ఐదు వేలకు మించి పైసా ఇవ్వనంటున్నారు. షాపతను 8192 లెవెల్స్ ఉన్నదే తీసుకోండి, మిగతావన్నీ దండగ అంటున్నాడు. ఇంట్లో పాత లాప్‌టాప్ ఉంది, ర్యామ్ 4 జీబీ. ఏది కొనమంటారు?
– ఒక అమ్మ, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఈ ఒక్క విషయంలో మీ వారి మాటే వినండమ్మా. ఐదు వేలు చాలు, కాస్త వెతికితే అందులో కొంత మిగులుతుంది కూడా.

మీ అమ్మాయి అడుగుతున్నదాన్ని పెన్ డిస్‌ప్లే అంటారు, బొమ్మ కనిపించే చోటే గీయొచ్చు, హాయిగా ఉంటుంది, కాదనను. కానీ దానికి కూడా లాప్‌టాప్ కావాల్సిందే, చాలావరకు అది సొంతంగా పనిచేసే వస్తువు కాదు, ఇంకో మానిటర్ లాంటిది మాత్రమే. ఇరవై వేలు పోసి కొని 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్‌కి తగిలిస్తే, గీత పెన్ను వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంటే, అప్పుడు లాప్‌టాప్ కూడా మార్చమంటుంది.

స్క్రీన్ లేనిదంటే ఒక నల్లటి ప్లాస్టిక్ పలక. యూఎస్‌బీ వైరుతో లాప్‌టాప్‌కి కలుపుతాం, గీసేది పలక మీద, గీత పడేది లాప్‌టాప్ తెర మీద. మొదట్లో చెయ్యి ఒకచోట చూపు ఒకచోట, సొంత సంతకం కూడా వంకర పోతుంది, విసుగు పుడుతుంది. ఆ విసుగులోనే చాలామంది దాన్ని అట్టపెట్టెలో పెట్టి అటకెక్కిస్తారు. రోజూ కాసేపు గుండ్రాలూ, పొడుగు గీతలూ, తన పేరూ రాస్తూ పోతే కొన్ని వారాల్లో చేతికి అలవాటైపోతుంది, మౌస్ వాడేటప్పుడు ఎవరూ చేతివంక చూసుకోరు కదా. ఈ దశ దాటిన వాళ్ళలో కొందరు తర్వాత డబ్బులున్నా స్క్రీన్ ఉన్నదానికి మారరు, తల వంచి మెడ పట్టేసే బాధ ఉండదని.

ఇక షాపతని 8192 సంగతి. లెవెల్స్ అంటే పెన్ను ఎంత నొక్కితే గీత ఎంత లావెక్కాలో, ఎంత ముదురు రంగు రావాలో కొలిచే మెట్లు. జపాన్ కంపెనీ వేకమ్ అమ్మే చవక రకం ‘వన్ బై వేకమ్’లో అవి 2048. చైనా కంపెనీలు హ్యూయాన్ అమ్మే హెచ్640పిలో, ఎక్స్‌పీ-పెన్ అమ్మే డెకో 01 వి2లో 8192. డబ్బా మీద నాలుగు రెట్లు, చేతికి మాత్రం తేడా తెలియదు, అంతా వాపు చూసి బలుపనుకోవడమే. చేతికి తెలిసేది ఇంకోటుంది, పెన్నును ఎంత తేలిగ్గా ఆనిస్తే గీత మొదలవుతుందన్నది. అది చాలా డబ్బాల మీద రాయరు. అందుకే కుదిరితే షాపులో పెట్టి చూడమంటాను. పెన్ను బరువు కూడా ఆనకుండా ఈక తాకినట్టు ఒక గీత గీయమనండి, గీత పడిందా లేదా చూడండి. తర్వాత స్కేలు ఆనించి ఏటవాలుగా, బాగా నెమ్మదిగా ఒక గీత లాగమనండి. గీత సాఫీగా వస్తే సరే, వణుకుతూ మెట్లుమెట్లుగా వస్తే వద్దనండి. ఆ వణుకు వేగంగా గీస్తే కనిపించదు, అందుకే షాపుల్లో చకచకా గీసి చూపిస్తారు.

నేనైతే ముందు చూసేది సైజు. సైజంటే పలక మొత్తం కాదు, అందులో పెన్ను పనిచేసే జాగా. వన్ బై వేకమ్ చిన్నదాంట్లో, హెచ్640పిలో అది దాదాపు ఆరంగుళాలకు నాలుగంగుళాలు, డెకో 01 వి2లో పదంగుళాలకు ఆరుంబావు. చిన్నదాంట్లో ఏమవుతుందంటే, పెన్ను అంగుళం కదిపితే తెర మీద గీత రెండంగుళాలు దాటుతుంది, వేళ్ళూ మణికట్టూ మాత్రమే ఆడతాయి, గంటకే చెయ్యి నొప్పి. అయితే మీ ఇంట్లో ఉన్నది లాప్‌టాప్ కాబట్టి, తెర మామూలుగా పదిహేనంగుళాల చుట్టూనే ఉంటుంది కాబట్టి చిన్నదైనా నడుస్తుంది, పైగా బ్యాగులో పట్టేస్తుంది. పెద్ద మానిటర్ కొనే ఆలోచనుంటే, చెయ్యంతా ఊపి గీసే అలవాటుంటే, బడ్జెట్ కాస్త దాటినా పదంగుళాలదే మేలు. ఆన్‌లైన్‌లో ఆఫర్ల రోజుల్లో చిన్నవి మూడు నాలుగు వేల మధ్య, పెద్దవి ఐదారు వేలకు దొరుకుతుంటాయి, కొనేరోజు మళ్ళీ చూసుకోండి, ధరలు నిలకడగా ఉండవు.

నేను చెప్పిన ఈ మూడింటి పెన్నుల్లోనూ బ్యాటరీ ఉండదు, చార్జింగ్ గొడవ లేదు. పలక నుంచి వచ్చే విద్యుదయస్కాంత తరంగాలతోనే పెన్నులోని తీగచుట్ట పనిచేస్తుంది. చార్జింగ్ పెట్టుకోవాల్సిన పెన్నున్న పాత మోడల్ ఎవరైనా చవగ్గా అంటగడితే తీసుకోకండి. పెన్ను మొన మాత్రం అరుగుతుంది. అరిగి ఒక పక్కకి కోసుగా తేలితే పలక మీద గీరలు పడతాయి, అప్పుడు మార్చేయాలి. డబ్బాలో కొన్ని మొనలూ, అవి ఊడదీసే చిన్న రింగూ ఇస్తారు, పారేయకండి.

సాఫ్ట్‌వేర్‌కి రూపాయి పెట్టక్కర్లేదు. క్రిటా ఉచితం, బొమ్మలకోసమే తయారైంది. 4 జీబీ ర్యామ్‌లో నడుస్తుంది కానీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని వాడాలి. ఏ4 కాగితం సైజు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 2480 బై 3508 పిక్సెళ్ళు, అందులో నిండుగా రంగేసిన ఒక్కో లేయర్, అంటే బొమ్మలో ఒకదాని మీద ఒకటి పరిచే పొర, దాదాపు 35 ఎంబీ తింటుంది. ముప్పై లేయర్లు పెడితే గిగాబైట్ దాటిపోతుంది, విండోస్ తినేది వేరే. నేర్చుకునేటప్పుడు 150 డీపీఐ చాలు, బరువు నాలుగో వంతుకి తగ్గుతుంది. ఐదు వేలల్లో మిగిలినదేమైనా ఉంటే గీసేటప్పుడు తొడుక్కునే గ్లవ్స్ అవీ కొనకుండా ర్యామ్ పెంచడానికి దాచండి. జీఎస్టీ బిల్లు మాత్రం అడిగి తీసుకోండి, వారంటీకి అదే ఆధారం.

ప్రశ్న: అన్నా, నేను పదో తరగతి. మాకు కంప్యూటర్ లేదు, ఫోన్లోనే వేలితో బొమ్మలేస్తా. బీసెంట్ రోడ్డులో రెండొందలు పెట్టి ఒక పెన్ను కొన్నా, అది కూడా వేలితో గీసినట్టే ఉంది. నొక్కితే లావు గీత రావట్లేదు. పెన్ను పాడైందా? ఇంకోటి, ఐదొందలకే డ్రాయింగ్ ట్యాబ్లెట్ అని యాడ్ వచ్చింది, తీసుకోవచ్చా?
– సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: పాడవలేదు తమ్ముడూ, ఆ పెన్ను చేసేదే అంత. ఫోన్ దృష్టిలో అది ఇంకో వేలు, ఎంత నొక్కావో దానికి తెలియదు. వేలి చెమట అంటదని వాడుకో. గీత చివర్లు సన్నగా రావాలంటే యాప్‌లోనే దారి ఉంది. ఇబిస్ పెయింట్‌లో గీత మొదలూ చివరా సన్నబడేలా పెట్టుకోవచ్చు, చెయ్యి వణికినా గీత సాఫీగా వచ్చే స్టెబిలైజర్ కూడా ఉంది. వేలితోనే బ్రహ్మాండంగా వేసేవాళ్ళు బోలెడుమంది.

ఐదొందల ట్యాబ్లెట్ అసలే వద్దు. అది ఎల్‌సీడీ రాత పలక, గీసింది బటన్ నొక్కితే చెరిగిపోతుంది, కంప్యూటర్‌కీ ఫోన్‌కీ దేనికీ కలవదు. చిన్నపిల్లలు అ ఆలు దిద్దుకోవడానికి పనికొస్తుంది, నీకు చేతి చమురు వదలడం తప్ప ఏమీ ఉండదు. పేరు మాత్రం డ్రాయింగ్ ట్యాబ్లెట్ అనే పెడతారు, దాన్ని చూసి ఎంతమంది మోసపోతున్నారో.

పరీక్షలయ్యాక కొనుక్కునేట్టయితే, పైన చెప్పిన పలకల్లో కొన్ని ఓటీజీతో, అంటే యూఎస్‌బీ వస్తువుల్ని ఫోన్‌కి తగిలించే సదుపాయంతో, ఆండ్రాయిడ్ ఫోన్లకి కలుస్తాయి. డబ్బా మీద ఆండ్రాయిడ్ అని ఉందో లేదో చూడు, నీ ఫోన్‌కి ఓటీజీ ఉందో లేదో చూసుకో. ఒక్క చిక్కుంది. ఫోన్ నిలువుగా ఉన్నప్పుడు పలకలో కొంత జాగానే పనిచేస్తుంది, మిగతాది ఉత్తదే. అందుకే ఫోన్‌కోసం పెద్దది కొనడం దండగ. ఇంట్లోవాళ్ళు ఎలాగూ చదువుకోసం ట్యాబ్ కొంటామంటుంటే, అప్పుడు మాత్రం పెన్ను డబ్బాలోనే వచ్చే శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్ లాంటిది అడుగు. 2020లో వచ్చిన మోడల్, ఇప్పుడు పాతవి చేతులు మారుతుంటాయి, ఆ పెన్నుకి నొక్కుడు తెలుస్తుంది.

ప్రశ్న: మాది గవర్నరుపేటలో డీటీపీ, ఫ్లెక్సీ డిజైన్ల పని. కటవుట్లకీ బొమ్మల టచప్‌కీ పెన్ ట్యాబ్లెట్ తెచ్చాం. గుండ్రం గీస్తే కోడిగుడ్డు వస్తోంది. ఫొటోషాప్‌లో ప్రెషర్ అస్సలు పనిచేయట్లేదు. అమ్మినవాళ్ళని అడిగితే రీస్టార్ట్ చేయమంటారు. వెనక్కి ఇచ్చేయాలా?

జవాబు: ఇవ్వకండి, రెండూ సెట్టింగుల సమస్యలే. పలక పొడవు వెడల్పుల లెక్క వేరు, మీ మానిటర్ లెక్క వేరు. మానిటర్ 16:9 అయి పలక 16:10 అయితే గుండ్రం కొంచెం అణిగినట్టు వస్తుంది. మీ దగ్గర రెండు మానిటర్లుంటే ఇంకా ఘోరం, పలక ఆ రెండింటినీ కలిపి ఒకే తెర అనుకుంటుంది. డ్రైవర్ (ట్యాబ్లెట్‌ని కంప్యూటర్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్) తెరిచి ముందు పలకని ఒక్క మానిటర్‌కే కట్టేయండి. తర్వాత పనిచేసే జాగా దగ్గర స్క్రీన్ నిష్పత్తి పాటించమనే ఆప్షన్ పెట్టండి. పలక కింద కొంత జాగా పోతుంది, పోనివ్వండి.

ప్రెషర్‌కి ముందు పాత డ్రైవర్లు చూడండి. ఇదివరకు ఇంకో కంపెనీ ట్యాబ్లెట్ వాడి ఉంటే దాని డ్రైవర్ లోపలే ఉండి కొత్తదానితో కొట్లాడుతుంది. అన్నీ తీసేసి, అప్పుడు రీస్టార్ట్ చేసి, డబ్బాలో సీడీ ఉన్నా దాన్ని పక్కనపెట్టి కంపెనీ సైట్‌లోని కొత్త డ్రైవర్ వేయండి. డ్రైవర్లో విండోస్ ఇంక్ అని ఒక టిక్ ఉంటుంది, ఫొటోషాప్‌కి అది ఉండాలి. ఆ తర్వాత ఫొటోషాప్ బ్రష్ సెట్టింగుల్లో షేప్ డైనమిక్స్‌లోకి వెళ్ళి కంట్రోల్ దగ్గర పెన్ ప్రెషర్ ఎంచుకోండి. ట్యాబ్లెట్ బాగానే ఉన్నా ఇది ఆఫ్‌లో ఉంటే గీత ఒకే లావు వస్తుంది, చాలామంది ఇక్కడే ఆగిపోయి ట్యాబ్లెట్‌ని తిట్టుకుంటారు.

ప్రశ్న: మా వాడిది ఎడమచేతి వాటం. వేరే మోడల్ కొనాలా? సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా?
– కొత్తపేట, గుంటూరు

జవాబు: వేరేది అక్కర్లేదు, పలకని తిప్పిపెట్టి డ్రైవర్లో 180 డిగ్రీలు అని పెడితే బటన్లు కుడి పక్కకొస్తాయి. సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చు, పెన్ను ఉంటేనే. పెన్ను విడిగా కొంటే చవక మోడళ్ళకి దాదాపు సగం ధర అవుతుంది. వైరు గుచ్చే చోట కదిపి చూడండి, అక్కడ వదులైతే కనెక్షన్ పోతూ వస్తూ ఉంటుంది.

ప్రశ్న: మాది మంగళగిరి, చీరల అంచులకీ కొంగులకీ డిజైన్లు గీస్తాను. గ్రాఫ్ కాగితం మీద గడులు నింపడానికి బోలెడు టైం పడుతోంది. ట్యాబ్లెట్ కొంటే పని తగ్గుతుందా?

జవాబు: గడులు నింపే పనికి ట్యాబ్లెట్ అక్కర్లేదండీ, మౌస్ చాలు. క్రిటాలో ఒక పిక్సెల్‌ని ఒక గడి అనుకుని, అంచులు మసకబారని పిక్సెల్ బ్రష్ తీసుకుని జూమ్ చేసి నింపుకుంటూ పోవచ్చు, తప్పైతే వెనక్కి తీసుకోవచ్చు, అరగదీసిన రబ్బరుతో కాగితం చిరగదు. ట్యాబ్లెట్ పనికొచ్చేది అంతకు ముందు మెట్టులో, గోపురమో హంసో తీగో చేత్తో గీసే దగ్గర. ఆ గీత మౌస్‌తో రాదు. మీకు చిన్న సైజే చాలు.

మీకు నిజంగా టైం మిగిల్చేది క్రిటాలోని రెండు సదుపాయాలు. డబ్ల్యూ కీ నొక్కితే మీరు గీసిన ముక్క నాలుగువైపులా పరుచుకుంటూ కనిపిస్తుంది, కుడి అంచు దాటిన తీగ ఎడమ అంచులోంచి మొదలవుతుంది, అంటే రిపీట్ ఎక్కడ అతకడం లేదో చీర మగ్గమెక్కకముందే తెలుస్తుంది. రెండోది మల్టీబ్రష్, క్యూ కీ. ఒక పక్క గీస్తే రెండో పక్క అద్దంలోలా అదే పడుతుంది, ఎనిమిది పక్కలకి పెట్టుకుంటే పద్మం ముగ్గు ఒక్క రేకు గీస్తే పూర్తవుతుంది. డిజైన్ అయ్యాక పీఎన్‌జీగానే సేవ్ చేయండి. జేపీజీ చేస్తే గడుల చుట్టూ రంగులు చెదిరిపోతాయి, జకార్డు అట్టలు (మగ్గానికి డిజైన్ చెప్పే చిల్లుల అట్టలు) కొట్టే అతనికి ఏ గడి ఏ రంగో తేల్చుకోవడానికి మళ్ళీ మీకే ఫోన్ వస్తుంది.