స్క్రోల్ చదివే ముందు చూసుకోవాల్సినవి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువభాగం డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే పాత్రల ఆట ఐదో ఎడిషన్‌లోని స్పెల్ స్క్రోల్స్ (ఒక్కసారి చదివి వాడే మంత్రాల కాగితాలు) గురించే. జవాబులు 2014 రూల్స్ ప్రకారం ఇస్తున్నాం. 2024 పుస్తకాలతో తేడా పెద్దగా ఉన్నచోట ఆ మాట చెప్పాం.

ప్రశ్న: మా విజార్డ్ 3వ లెవెల్. ఫైర్‌బాల్ స్క్రోల్ దొరికింది. ఇప్పుడే వాడొచ్చా? తప్పితే మా మీదే పేలుతుందా?

జవాబు: వాడొచ్చు. ఫైర్‌బాల్ విజార్డ్ లిస్టులో ఉంది కాబట్టి స్క్రోల్ మీద రాసింది అర్థమవుతుంది. చిక్కల్లా లెవెల్ దగ్గరే: పాత్ర లెవెల్ వేరు, స్పెల్ లెవెల్ వేరు. 3వ లెవెల్ విజార్డ్ 2వ లెవెల్ స్పెల్స్ వరకే వేయగలడు, ఫైర్‌బాల్ 3వ లెవెల్ స్పెల్. అందుకని ఇంటెలిజెన్స్ చెక్ (డైస్ వేసి ఆ గుణానికి వచ్చే అంకె కలపడం) చేయాల్సిందే. డీసీ, అంటే అందుకోవాల్సిన అంకె కోసం 10కి స్పెల్ లెవెల్ కలపాలి, అంటే 13. ఇంటెలిజెన్స్ 16 అయితే +3 వస్తుంది, కాబట్టి ఇరవై ముఖాల డైస్ మీద కనీసం 10 పడాలి. నూటికి 55 పాళ్లు గెలుపు. ఇక్కడ ప్రొఫిషియెన్సీ బోనస్ (నైపుణ్యానికి వచ్చే అదనపు అంకె) కలవదు. చాలా టేబుల్స్ మీద ఆర్కానా (మంత్రవిద్య నైపుణ్యం) కలిపేసి ఆడుతుంటారు గానీ, అది స్క్రోల్‌ని స్పెల్‌బుక్‌లోకి ఎక్కించేటప్పటి లెక్క.

పార్టీలో గైడెన్స్ స్పెల్ వేయగల క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే పాత్ర) ఉంటే, విజార్డ్ టర్న్‌కి ముందే ఆ విజార్డ్‌ని తాకి వేయమనండి. నాలుగు ముఖాల డైస్ ఒకటి అదనంగా కలిసి గెలుపు అవకాశం 67.5 శాతానికి పెరుగుతుంది. గైడెన్స్‌కి క్లెరిక్ కాన్సెంట్రేషన్ (ఒకసారికి ఒక్క మంత్రం మీదే నిలిపే ఏకాగ్రత) కావాలి. అతను అప్పటికే బ్లెస్ స్పెల్ నడుపుతుంటే అది పోతుంది, బేరం చూసుకోండి.

చెక్ తప్పితే ఏమీ పేలదు. అక్షరాలు చెరిగిపోతాయి, యాక్షన్ వృథా అవుతుంది, అంతే. మీరు విన్న ప్రమాదాలు 3.5 ఎడిషన్ నాటివి. అప్పట్లో క్యాస్టర్ లెవెల్ చెక్ తప్పాక, డీసీ 5 విజ్డమ్ చెక్ కూడా తప్పితే మంత్రం బెడిసికొట్టేది.

చెక్ నెగ్గితే సేవ్ డీసీ (మంత్రాన్ని తట్టుకోవడానికి శత్రువు అందుకోవాల్సిన అంకె) మీది కాదు, స్క్రోల్‌ది. 3వ లెవెల్ స్పెల్ స్క్రోల్‌కి అది 15. మీ విజార్డ్ సొంత డీసీ 8+2 (ప్రొఫిషియెన్సీ)+3 (ఇంటెలిజెన్స్), అంటే 13 మాత్రమే. అంటే ప్రస్తుతానికి మీకంటే కాగితమే బలంగా ఉంది! 9వ లెవెల్‌కి వచ్చి ఇంటెలిజెన్స్ 20 అయ్యేసరికి మీ డీసీ 17 అవుతుంది, స్క్రోల్ మాత్రం 15 దగ్గరే ఉంటుంది. కాబట్టి సేవ్ అడిగే స్క్రోల్స్‌ని దాచుకోవడంలో అర్థం లేదు, దొరికిన కొత్తలోనే వాడేయండి. దాచుకోవాల్సినవి డీసీతో పని లేనివి: ఫ్లై, రివివిఫై (ఇప్పుడే చనిపోయినవాళ్లను బతికించేది), డిస్పెల్ మ్యాజిక్ లాంటివి.

ప్రశ్న: ఫైటర్‌కి స్క్రోల్ ఎందుకూ పనికిరాదా?

జవాబు: మంత్రాలు రాని ఫైటర్‌కి స్పెల్ స్క్రోల్ మీద ఒక్క ముక్క కూడా అర్థం కాదు. స్క్రోల్ ఆఫ్ ప్రొటెక్షన్ సంగతి వేరు. ఏదైనా భాష చదవగలిగితే చాలు, దానికి క్లాస్ అడ్డు లేదు. యాక్షన్ ఖర్చుపెట్టి చదివితే చుట్టూ 5 అడుగుల వ్యాసార్థంతో, 10 అడుగుల ఎత్తుతో కనిపించని గోడ 5 నిమిషాలపాటు నిలుస్తుంది. అన్‌డెడ్ అనో ఫీండ్స్ అనో ఆ స్క్రోల్‌లో ఏ రకం రాసి ఉంటే ఆ రకం జీవులను ఆపుతుంది. అవి యాక్షన్ వాడి డీసీ 15 కరిస్మా చెక్ నెగ్గితే గోడ దాటగలవు. గోడ మీతోపాటు కదులుతుంది గానీ, మీరే వెళ్లి ఆ జీవి లోపలికి వచ్చేలా నిలబడితే పని ముగిసినట్టే. తరిమికొట్టడానికి వాడబోయి పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.

థీఫ్ రకం రోగ్ అయితే 13వ లెవెల్‌లో క్లాస్ అడ్డంకి తొలగి స్పెల్ స్క్రోల్స్ కూడా వాడగలడు.

ప్రశ్న: స్క్రోల్‌ని చదివేయాలా, స్పెల్‌బుక్‌లోకి రాసుకోవాలా?

జవాబు: విజార్డ్ స్పెల్ అయి, ఆ లెవెల్‌కి మీ దగ్గర స్లాట్ (ఒకసారి స్పెల్ వేసే అవకాశం) ఉంటే మా ఓటు రాసుకోవడానికే. ఒక్కో స్పెల్ లెవెల్‌కి 2 గంటలు, 50 జీపీ (బంగారు నాణేలు) చొప్పున 3వ లెవెల్ స్పెల్‌కి 6 గంటలు, 150 జీపీ పడుతుంది. ఆర్కానా చెక్ డీసీ ఇక్కడా 13 గానీ, ప్రొఫిషియెన్సీ కలుస్తుంది. 5వ లెవెల్, ఇంటెలిజెన్స్ 18 ఉన్నవాడికి +7, అంటే 75 శాతం. నెగ్గినా తప్పినా స్క్రోల్ మాత్రం నాశనమవుతుంది. రివివిఫై లాంటి క్లెరిక్ స్పెల్‌ని విజార్డ్ రాసుకోలేడు, అది క్లెరిక్ సంచిలోనే ఉండనివ్వండి.

ప్రశ్న: రివివిఫై స్క్రోల్ ఉంటే 300 జీపీ వజ్రం అక్కర్లేదంటున్నారు. మరి అందరూ అదే చేయొచ్చుగా?

జవాబు: చదివేవాడికి వజ్రం అక్కర్లేదు, నిజమే. ఆ ఖర్చు రాసేవాడు ముందే పెట్టేశాడు. స్క్రోల్ తయారుచేసేవాడికి ఆర్కానాలో ప్రొఫిషియెన్సీ ఉండాలి, స్పెల్ వచ్చి ఉండాలి, కావలసిన వస్తువులన్నీ ఇవ్వాలి. 2017 నాటి అనుబంధ రూల్స్ ప్రకారం 3వ లెవెల్ స్క్రోల్‌కి 500 జీపీ, ఒక పనివారం, అంటే 5 రోజులు. వజ్రంతో కలిపి 800 అవుతుంది. 2024 రూల్స్‌లో 500 కాస్తా 150కి దిగింది, రోజులు మాత్రం అవే 5. మీ డీఎమ్ (ఆట నడిపేవారు) ఏ పుస్తకం పట్టుకున్నారో ముందే అడగండి. ఈ ఒక్క తేడాతో పార్టీ ఖజానా లెక్కంతా మారిపోతుంది.

ప్రశ్న: స్క్రోల్ చదువుతుంటే శత్రువు కౌంటర్‌స్పెల్ (ఎదుటివాళ్ల మంత్రాన్ని ఆపే స్పెల్) వేస్తే? శబ్దం రాకుండా చేసే సైలెన్స్ స్పెల్ ఉన్నచోట చదవొచ్చా?

జవాబు: స్క్రోల్ తీసేసేది స్లాట్, ముందస్తు తయారీ, వస్తువుల ఖర్చు. మిగతావన్నీ ఉంటాయి. మాట కావలసిన స్పెల్ సైలెన్స్‌లో పలకదు. కాన్సెంట్రేషన్ మీరే పట్టాలి. గంట పట్టే ఫైండ్ ఫెమిలియర్ స్క్రోల్‌తోనూ గంటే పడుతుంది. కౌంటర్‌స్పెల్ పనిచేస్తుంది. అప్పుడు స్క్రోల్ ఉంటుందా పోతుందా అన్నది టేబుల్ మీద గొడవలు పెట్టే ప్రశ్న. మంత్రం మధ్యలో ఆగితే స్క్రోల్ పోదని రూల్ ఉంది, 2014 కౌంటర్‌స్పెల్ వర్ణన కూడా మంత్రాన్ని మధ్యలో ఆపడం అనే అంటుంది. అక్షరాలా చూస్తే స్క్రోల్ మిగిలినట్టే. డీఎమ్ వేరేలా అనుకుంటే ఆ సంగతి యుద్ధం మధ్యలో కాకుండా మొదటి సెషన్‌లోనే చెప్పేయాలి.