ఫోన్ ఉండగా పాత ఫిల్మ్ మూవీ కెమెరాను ప్రయాణానికి మోసుకెళ్లడం అవసరమా?

ఇంట్లో పెద్దల నాటి 16 ఎంఎం మూవీ కెమెరా ఉంది, కీ ఇస్తే తిరుగుతోంది, వచ్చే నెల ప్రయాణానికి తీసుకెళ్లాలని ఉంది, కానీ చేతిలో ఫోన్ పెట్టుకుని అంత బరువు మోయడం అవసరమా అని అడిగారు.

తీసుకెళ్లండి. ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు. కాకపోతే ఒక్క మాట. దాంతో కొండలు, జలపాతాలు, సూర్యోదయాలు తీయకండి. మీతో వచ్చినవాళ్లను తీయండి. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వివరించాలంటే మా మేనత్త సంగతి చెప్పాలి.

మా మామయ్య, అంటే మేనత్త భర్త, 1970లలో బోలెక్స్ హెచ్16 వాడేవారు. స్విట్జర్లాండ్‌లో పయార్ కంపెనీ 1935 నుంచి తయారు చేసిన కెమెరా. బ్యాటరీ లేదు. పక్కనున్న పిడి తిప్పి కీ ఇవ్వాలి. ఒకసారి పూర్తిగా కీ ఇస్తే సెకనుకు 24 ఫ్రేముల చొప్పున దాదాపు 28 సెకన్లు నడిచి ఆగిపోతుంది. మళ్లీ కీ ఇవ్వాలి. ఫిల్మ్ చుట్టిన 100 అడుగుల స్పూల్ మొత్తం కలిపి రెండు నిమిషాల 46 సెకన్లు. మామయ్య సెలవు దొరికితే చాలు, అత్తయ్యను తీసుకుని ఎక్కడికో ఒకచోటికి వెళ్లేవారు. అలా తీసిన రీళ్లు పదకొండు ఉన్నాయి. ఆయన పోయాక వాటన్నిటినీ స్కాన్ చేయించి ఇంట్లో అందరం కూర్చుని చూశాం. దాదాపు అరగంట. అంతా కొండలు, ఆనకట్టలు, లోయలు, దూరంగా పడవలు. కొడాక్రోమ్ ఫిల్మ్ కాబట్టి రంగులు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కానీ అత్తయ్య ఎక్కడుందని వెతికితే ఆ పదకొండు రీళ్లలో కలిపి నాలుగు సెకన్లు కనిపించింది. అదీ వెనక్కి తిరిగి నడుస్తూ.

"నేనుండేదాన్నిరా ప్రతి షాట్‌లోనూ. కెమెరాకి కీ ఇచ్చింది నేనే కదా" అంది. షాట్ అయిపోగానే మామయ్య కెమెరాను ఆమె చేతికిచ్చి తర్వాత తీయాల్సిన చోటు వెతుక్కుంటూ వెళ్లేవారట. ఈమె ఒళ్లో పెట్టుకుని కీ తిప్పి మళ్లీ అందించేది. అన్నేళ్ల ప్రయాణాల్లో ఆమె పని అదే.

ఆ కెమెరా చివరికి నా చేతికొచ్చింది. అత్తయ్యకూ నాకూ, ఇంకో ఇద్దరు బంధువులకీ కుదిరిన ఒక ఆరు రోజుల కొండ ప్రయాణానికి నాలుగు స్పూళ్లు కొని బయల్దేరాను. మొదటి స్పూల్ మామయ్య తీసినట్టే తీశాను. ఎదురుగా కొండ కనిపిస్తే కొండ, లోయ కనిపిస్తే లోయ. అది కూడా దూరాన్ని దగ్గరగా చూపే 75 ఎంఎం లెన్సు పెట్టి, స్టాండు లేకుండా చేత్తో పట్టుకుని. డెవలప్ అయి వచ్చాక చూస్తే బూడిదరంగు ముద్ద ఒకటి తెర మీద వణుకుతోంది. ఇది నా ఒక్కడి దురదృష్టం కాదు. 16 ఎంఎం ఫ్రేము వెడల్పు 10 మిల్లీమీటర్లు దాటి ఎంతో ఉండదు. మైళ్ల దూరంలో మంచు పొర వెనకున్న చెట్లూ బండలూ ఆ చిన్న చోటులో ఫిల్మ్ గింజల్లో, అంటే తెర మీద చుక్కల్లా కనిపించే రేణువుల్లో, కలిసిపోతాయి. అదే రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషి ముఖం మీద పక్క వెలుతురు పడితే ప్రతి ముడతా, ప్రతి వెంట్రుకా కనిపిస్తుంది. చిన్న ఫిల్మ్ దగ్గరి వస్తువు కోసమే పుట్టిందని నా నమ్మకం. దూరపు దృశ్యాలు కావాలంటే ఫోన్ ఉంది, దానికంటే మంచి డిజిటల్ కెమెరాలున్నాయి. ఎవరో తీసిన అందమైన ఫోటోలు కూడా ఎటూ ఉంటాయి. మీ అత్తయ్య ముఖం ఇంకెవరూ తీయరు.

మూడో రోజు పొద్దున్న కనుమ దగ్గర కొండచరియలు విరిగిపడి బస్సు ఆగిపోయింది. రాళ్లు తీయడానికి నాలుగు గంటలు పడుతుందన్నారు. అందరం కిందికి దిగాం. చుట్టూ మంచు, పది అడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు. అత్తయ్య ఒక బండ మీద శాలువా కప్పుకుని కూర్చుంది. నేను హడావిడిగా మూడో స్పూల్ ఎక్కించి, మంచులోంచి వస్తున్న మనుషుల్ని తీయడం మొదలుపెట్టాను. ఐదారు సెకన్లు తిరిగిందో లేదో అత్తయ్య కూర్చున్నచోటు నుంచే "ఆపు" అంది.

ఆపాను.

"ఆ చప్పుడు సరిగ్గా లేదురా. లోపల ఫిల్మ్ బిగిసిపోయింది. మూత తియ్యి."

నాకు తేడా ఏమీ వినిపించలేదు. కెమెరా ఎప్పటిలాగే గరగరమంటోంది అనుకున్నాను. కానీ ఆమె చెప్పిందే నిజం. లెన్సు వెనక ఫిల్మ్ మీద బొమ్మ పడే చోటు గేటు. దానికి పైనా కిందా ఫిల్మ్ కాస్త వదులుగా వంపు తిరిగి ఉండాలి, దాన్ని లూపు అంటారు. స్పూల్ నిలకడగా తిరుగుతుంటే గేటు దగ్గర మాత్రం ఫిల్మ్ ఒక్కో ఫ్రేము చొప్పున ఆగి ఆగి కదులుతుంది కదా, ఆ రెండిటి మధ్య తేడాను ఈ వంపే సర్దుతుంది. లూపు పోతే ఫిల్మ్ బిగుసుకుని బొమ్మ నిలువునా సాగిపోతుంది. మెత్తగా ఒకే తీరులో ఉండే గరగర మారి టకటకలాడుతుంది. నలభై ఏళ్ల పైన ముట్టుకోని కెమెరా, ఆ తేడాను ఆమె చెవి పట్టేసింది.

ఫిల్మ్ మార్చే నల్ల సంచి నా దగ్గర లేదు. బంధువుల లావుపాటి చలి కోటు తీసుకుని, కెమెరాను లోపల పెట్టి, చేతులు స్లీవుల్లోంచి లోపలికి దూర్చి, తడుముకుంటూ లూపు సరిచేశాను. కోటు అంచు ఎక్కడో తెరుచుకుంది. ఫిల్మ్‌కి కొంత వెలుతురు తగిలిందని అప్పుడే అర్థమైంది. టెన్షన్‌తో చెమట పట్టింది. అత్తయ్య మాత్రం కెమెరా తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఎడం చెయ్యి కింద, కుడి చెయ్యి పిడి మీద. చూడకుండానే తిప్పింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. నా చేతికిచ్చింది.

సరిగ్గా అప్పుడే నా వెనక మంచు విడిపోవడం మొదలైంది. "అదిగో కొండ కనిపిస్తోంది, తీయి తీయి, మళ్లీ మూసుకుపోతుంది" అని చెయ్యి చాచి చూపించింది. నేను తిరగలేదు. 25 ఎంఎం లెన్సు, రెండు మీటర్లకు ఫోకస్, ఆమె ముఖం మీదికి కెమెరా పెట్టి బటన్ నొక్కాను. మొదటి కొన్ని సెకన్లు ఆమెకు తెలియనే లేదు, నా భుజం మీదుగా కొండను చూస్తూనే ఉంది. తర్వాత చప్పుడు విని నా వైపు చూసింది. "నన్నెందుకురా" అంది. శాలువా సర్దుకుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి ఒళ్లోకి, ఒకసారి బండ మీదికి. ఆ తర్వాత ఏదో చెప్పడం మొదలుపెట్టింది, చెబుతూ నవ్వింది. ఈ కెమెరా ధ్వని పట్టదు. ఆమె ఏం చెప్పిందో నాకు ఇప్పుడు గుర్తు లేదు, ఆమెకూ గుర్తు లేదు. కీ అయిపోయి కెమెరా దానంతట అదే ఆగింది. 28 సెకన్లు.

ఇక్కడ ల్యాబ్ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నెగెటివ్ డెవలప్ చేసి స్కాన్ చేసి పంపిన ఒక ల్యాబ్, ఆ షాట్ ముందు వెలుతురు తగిలిన భాగాన్ని "పాడైపోయింది కాబట్టి తీసేశాం" అని ఫైల్‌లోంచి కత్తిరించింది. దాంతోపాటు అత్తయ్య కొండను చూస్తున్న సెకన్లు కూడా పోయాయి. మిగిలినదాన్ని యంత్రంతో పదును పెంచి, గింజ అంతా తుడిచేసి, ముఖాన్ని మైనపు బొమ్మలా చేశారు. అదృష్టం కొద్దీ నెగెటివ్‌ను కత్తిరించలేదు. గట్టిగా అడిగి మళ్లీ స్కాన్ చేయించుకున్నాను. ఇప్పుడు ఆ షాట్ అంచుల నుంచి నారింజ రంగు మంటలా మొదలై మెల్లగా తగ్గుతూ ఉంటే అందులోంచి ఆమె ముఖం వస్తుంది. ఫిల్మ్ ఇచ్చేటప్పుడే కాగితం మీద రాసి ఇవ్వండి: ఏదీ కత్తిరించొద్దు, పదును పెంచొద్దు, గింజ తగ్గించొద్దు, ఫ్రేము అంచుల దాకా స్కాన్ చేయండి అని. నెగెటివ్ తప్పకుండా వెనక్కి తీసుకోండి.

ఫోన్‌లో ఫిల్మ్ ఫిల్టర్ పెడితే అచ్చం ఇలాగే వస్తుందని ఎవరో ఒకరు చెబుతారు. వాళ్లతో వాదించకండి. ఫిల్టర్ రంగు ఇస్తుంది కానీ, ఇంకా 28 సెకన్లే ఉన్నాయన్న ఒత్తిడిని ఇవ్వదు. ఆ ఒత్తిడి వల్లే నేను ఆరోజు కొండ వైపు తిరగలేదు. ఫోన్ ఉంటే రెండూ తీసేవాణ్ని, రెండూ మళ్లీ చూసేవాణ్ని కాదు.

ఇక మీ కెమెరా గురించి. కీ ఇస్తే తిరుగుతోంది అన్నారు, మంచిదే, కానీ ఖాళీగా తిరగడం వేరు, ఫిల్మ్‌తో తిరగడం వేరు. ప్రయాణం వచ్చే నెలే కాబట్టి ఇప్పుడే ఒక స్పూల్ తీసి డెవలప్ చేయించి చూడండి. మీదీ బోలెక్సే అయితే, 1950ల తొలినాళ్ల దాకా వచ్చిన బోలెక్స్‌లు రెండు వైపులా రంధ్రాలున్న ఫిల్మ్‌నే తీసుకుంటాయి, ఇప్పుడు దొరికేది ఎక్కువగా ఒక వైపు రంధ్రాలదే. కాబట్టి ఫిల్మ్ కొనకముందే మూత తీసి లోపలి పళ్ల చక్రాలు చూడండి. రెండు వైపులా పళ్లుంటే ఒక వైపు రంధ్రాల ఫిల్మ్ చిరిగిపోతుంది. పాత పెట్టెలో వాడని కొడాక్రోమ్ దొరికితే దాచుకోండి, అంతే. దాన్ని రంగుల్లో డెవలప్ చేసే చివరి ల్యాబ్, అమెరికాలో కాన్సాస్‌లోని డ్వేన్స్ ఫోటో, 2010 డిసెంబరు 30 తర్వాత కొత్త రీళ్లు తీసుకోవడం ఆపేసింది.

ఎండ ఉన్న చోటికి కొడాక్ 50డి ఫిల్మ్ తీసుకెళ్లండి. మంచి ఎండలో లెన్సు రంధ్రం ఎఫ్ 16 దగ్గర పెడితే సరిపోతుంది. 250డి అయితే ఎండలో లెన్సు రంధ్రం ఎంత చిన్నది చేసినా వెలుతురు ఎక్కువైపోతుంది, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తప్పదు. కానీ నీడకీ, మబ్బుకీ, పొగమంచుకీ 250డినే నమ్మండి. అనుమానం వస్తే నెగెటివ్ ఫిల్మ్‌కి ఒక స్టాప్, అంటే రెట్టింపు, ఎక్కువ వెలుతురే ఇవ్వండి, తక్కువ ఇవ్వకండి. వెలుతురు కొలిచే పాత సెలీనియం లైట్ మీటర్ల మీద ఆధారపడకండి, చాలావాటిలో సెల్ బలహీనపడిపోయి ఉంటుంది. ఫోన్‌లో మీటర్ యాప్ పెట్టుకోండి. ఫోన్ అక్కడ నిజంగా పనికొస్తుంది.

విమానంలో వెళ్తుంటే ఫిల్మ్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ చెక్-ఇన్ సామానులో వేయకండి. చేతి సంచిలో విడిగా, పారదర్శకమైన కవర్లో పెట్టుకుని, చేత్తో తనిఖీ చేయమని మర్యాదగా అడగండి. కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు డెవలప్ కాని ఫిల్మ్‌ను ఒక్కసారికే పాడుచేయగలవు. "ఏం కాదు, పెట్టండి" అని సిబ్బంది అన్నా ఇంకోసారి అడగండి.

కెమెరాను పక్కకు తిప్పాలంటే ఒక వస్తువు ఫ్రేములో ఒక అంచు నుంచి రెండో అంచుకు చేరడానికి ఏడు సెకన్లు పట్టేలా తిప్పండి. అంతకంటే వేగమైతే బొమ్మ అదురుతుంది. ఇది నాకు అత్తయ్యే నేర్పింది. "మీ మామయ్య నోట్లో ఏడు లెక్కపెట్టుకునేవారు" అంటూ నా పక్కన నిలబడి తనే పైకి లెక్కపెట్టేది.

స్కాన్ వచ్చాక టీవీలో పెట్టి చూపించాను. నారింజ వెలుగు, ఆమె ముఖం, శాలువా, చేతులు, నవ్వు. చివరిదాకా కదలకుండా చూసింది. "కొండ ఎక్కడరా?" అంది. "నా వెనక ఉండిపోయింది అత్తయ్యా, నేను చూడలేదు" అన్నాను. అయితే చెబుతానుండు అని, మంచు ముందు ఎడమ వైపు నుంచి ఎలా తొలగిందో, పైన ఎండ ఎలా పడిందో, కింద ఒక్క ఇల్లు కనిపించి మళ్లీ ఎలా మూసుకుపోయిందో చేతులు తిప్పుతూ చెప్పింది. తర్వాత ఇంకా ఎన్ని స్పూళ్లు మిగిలాయని అడిగింది. ఒకటుంది అన్నాను. మోకాలి నొప్పి కాస్త తగ్గనివ్వు, ఈసారీ కీ నేనే ఇస్తాను అంది.